లాకుల మనిషి

ముప్ఫై మూడేళ్ళు లాకుల దగ్గర పనిచేశాను.
ఎగువ నీటికీ దిగువ నీటికీ మధ్య
నా కొలువు.
ఇంజనీరు గారి బావమరిది పడవనైనా
వరస తప్పించి వదల్లేదని
ఊళ్ళో ఓ పేరుంది.
ఆ పేరే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

మూలపాయ లంకలో పన్నెండెకరాల ముప్ఫై సెంట్లు.
రొయ్యల కంపెనీకి కావాలి.
రెండు పక్షాలూ నన్నే అడిగాయి
మధ్యన కూర్చోమని.

తుఫాను షెల్టర్లో
వాళ్ళకి కుర్చీలు, వీళ్ళకి చాప వేశారు.
ముందు ఆ కుర్చీలు తీయించాను.
మేనేజరు సుధాంశుకి మఠం వేయడం రాలేదు.
మోకాళ్ళు కావిలించుకుని కూర్చున్నాడు,
ఇస్త్రీ చొక్కా వీపుకి అంటుకుపోయి.
పాపం, కుర్రాడే.

కాగితం చదివాడు:
'ప్రస్తుత వినియోగం: ఖాళీ.'

సంగాని బంగారమ్మ లేచింది.
"ఖాళీయా బాబూ?
మెత్తళ్ళు ఎండేది ఎక్కడ?
తాడు పేనేది ఎక్కడ?
వరదొస్తే మా గేదెలు నిలబడేది ఎక్కడ?
ఏసురత్నం కూతురు సైకిలు నేర్చుకుంటూ
మోచెయ్యి చీరుకుంది అక్కడే,
అది ఏ గడిలో రాశారు?"

సుధాంశు గొంతు సవరించుకుని
నూట నలభై ఉద్యోగాలన్నాడు.
వెనక వరసలో మా కుర్రాళ్ళు తలలెత్తారు.
వాళ్ళనీ చూశాను.
చూడలేదంటే అబద్ధం.

లాకు సంగతి మీకు తెలిసిందే.
పడవ పెట్టెలోకి రాగానే వెనక తలుపు మూస్తాం.
తూము కాస్త ఎత్తి
నీటిని నీటితో కలుపుతాం, నిదానంగా.
తొందరపడితే పడవ బోల్తా.
నాలుగు గురువారాలు అలాగే కలిపాను.
ఐదెకరాలు కంపెనీకి లీజు.
గట్టు వెంబడి బాట ఊరిది.
మురుగు గొట్టం బోదెలోకి రాకూడదు.
ఆయ్, అలాగేనండి, అన్నారు వీళ్ళు.
ఓకే అన్నారు వాళ్ళు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
నీళ్ళు సమమయ్యేది పెట్టెలో మాత్రమే.
తలుపు తీసి, పడవ వెళ్ళిపోయాక
ఎగువ ఎగువే, దిగువ దిగువే.
అన్నేళ్ళు తిప్పిన చక్రం
ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు.
చెప్పిందేమో,
కిర్రుమంటోందని నూనె పోశాను.

పొద్దున్నే సంతకాలు.
బంగారమ్మ వేలికి సిరా రాసుకుని ఆగింది.
"ముందు ఆ ఖాళీ కొట్టెయ్యండి."
కొట్టేశాను.
"దాని చోట ఏం రాయమంటారు?"
నిజంగానే అడిగాడు సుధాంశు, వెటకారం కాదు.
గడి చూస్తే బొటనవేలంత.
మెత్తళ్ళు పట్టవు, గేదెలు పట్టవు,
ఆ పిల్ల సైకిలు అసలే పట్టదు.

బంగారమ్మ వంగి
ఆ గడిలోనే వేలు నొక్కింది.

"అది వేలిముద్ర చోటు కాదమ్మా" అంటున్నాడు గుమస్తా.
నేను కాగితం అందుకుని
సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాను.