నూట ఎనభై చుట్లు

నూట ఎనభై చుట్లు చుడితే ఒక కాయిలు.
ఒగటి తక్కువైతే రిజెక్టు డబ్బాలోకి.
రేణిగుంట దాటినాక గాజులమండ్యం రోడ్డులో
రేకుల షెడ్డు కింద పదకొండేండ్లు
వెంట్రుక కన్నా సన్నటి రాగితీగను
వేలి కొనతో పట్టుకోని కూర్చుంటి.
మీటరు చూసే పనే లేదు నాకు,
చెవికే తెలిసిపోతాది
నూట డెబ్బై తొమ్మిది దాటి ఆగే సద్దు.

ఒగనాడు సాయంత్రం ఓనరు
టీ గ్లాసుల పక్కన అట్టపెట్టి విప్పి
ఒక్కో కాయిలు మా చేతుల్లో పెట్టె.
హార్బర్లో దిగిన సరుకంట.
"మన తీగ ఖరీదు కన్నా వాళ్ళ కాయిలు చవకమ్మా"
అనేసి కండ్లద్దాలు తుడుచుకునె.
షమీమ్ దాన్ని కింద పడేసె.
మొగిలీశ్వరి బండబూతు తిట్టె, ఓడనో, ఓనర్నో.
నేను లైటు కింద పెట్టి చూస్తి.
చుట్టు మింద చుట్టు, యాడా సందు లేదు.
చుట్టింది మిషనే కావచ్చు,
తీగ కొన ముడేసిన తీరు ఉండాదే
అది మాత్రం మిషను పని కాదు.
ఏ ఊర్లోనో నా మాదిరే ఒకామె
మెడ నొప్పికి తల పక్కకు వాల్చి వేసిన ముడి.
కోపం ఎవురి మింద పెట్టుకోవాల్నో తెలీక
టిఫిను డబ్బాలో వేసుకోని ఇంటికొస్తి.

మూడో నెలలో పేపర్లో వచ్చె:
విదేశీ సరుకు వల్ల పని పోయినోళ్ళకు
ఆరు నెలలు సగం జీతం, కొత్త పనిలో ట్రైనింగు.
తిరుపతి ఆఫీసులో ఫారం తీసుకుంటి.
తొమ్మిదో గడి: పని పోవడానికి కారణం.
'దిగుమతి' అని రాయమనె బయట ఫారాలు నింపే తాత.
మతి దిగిపొయ్యింది మాకు కదా,
సరుక్కెందుకు ఆ పేరు పెట్టిరో.

"దిగుమతి వల్లనే అని రుజువు?" అనె గుమాస్తా జయచంద్ర.
ఓనరు రాసియ్యల్ల. ఓనరు హోసూరులో ఉండాడంట.
షెడ్డుకు బ్యాంకోళ్ళ తాళం, గేటు మింద కాగితం.
మల్లా పోతిమి. సంతకం ఉండాది, సీలు లేదనె.
మల్లా పోతిమి. సీలు ఉండాది, తేదీ పాతదనె.
బస్సు టికెట్లు పర్సులో మడిచి లెక్కేస్తి,
అలవాటు పోలా.
పద్నాలుగో చుట్టుకు
డబ్బా తెరిచి ఆ కాయిలు అతని టేబులు మింద పెడితి.
"ఇదే సార్ రుజువు."
అట్టా ఇట్టా తిప్పి చూసె.
ఎగతాళి లేదు పాపం, నిజంగానే అడిగె:
"దీన్ని ఎక్కడ అతికించేదమ్మా?"
గోడకు అతని సెల్లు చార్జింగులో ఉండాది.
ఆ చార్జరు కడుపులో ఉండేది ఎవురి చుట్లో
నాకు తెలుసు. చెప్పలా.

ట్రైనింగు మాత్రం ముందే ఇచ్చిరి.
పద్దెనిమిది దినాలు, పెండ్లికూతుర్లకు ముస్తాబు చేసేది.
షమీమ్‌కు బాగానే వచ్చె.
నేను బ్రష్షు పడితే
బొటనవేలు దానంతట అదే తిరిగేది.
"అంత తిప్పొద్దమ్మా" అనేది టీచరు.

మా అమ్మ డబ్బును 'లెక్క' అంటాది.
"లెక్క పడిందా మేయ్?" దినామూ అదే మాట.
ఆడి కృత్తికకు ముందురోజు పడె, ఒక్క నెలది.
మొగిలీశ్వరి పేరు లిస్టులో లేదు:
ఆమెది ప్యాకింగంట,
ప్యాకింగును ఏ దేశమూ దించలేదంట.
ఇద్దరమూ ఏటీఎం కాడ నిలబడితిమి.
నాలుగు నోట్లు ఆమె చేతిలో పెడితే
రెండు వెనక్కిచ్చె, మాట్లాడకుండా.

వచ్చేటప్పుడు మోటార్లు వైండింగు చేసే అంగడి.
బోరు మోటారు ముందరేసుకోని ఒక పిలగాడు,
నోట్లో అంకెలు, చెవిలో సెల్లు.
నేను నిలబడింది
చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకునేదానికే.
వాడు నలభై అనె.
"నాయినా, ముప్పై తొమ్మిదే."
ఎగాదిగా చూసె నన్ను.
సెల్లు కింద పెట్టి,
తీగ విప్పి,
ఒకటి అనె.