మూడోవంతు

మోర్‌కమ్‌లో రాతి జెట్టీ చివర
ట్రైపాడ్ మూడు కాళ్ళకీ మూడు రకాల మొండితనం.
నీటిబుడగ గీతల మధ్యకి వచ్చేదాకా
ఒకటి పొడుగు చేసి, ఒకటి పొట్టి చేసి,
గాలికి ఊగకుండా కింది కొక్కేనికి
నా చేతిసంచీ తగిలించాను.
అందులో అరకిలో ఉల్లిపాయలు, గడువు దాటిన లైబ్రరీ పుస్తకం.

ఒక కన్ను మూసి, బొటనవేలు ఎదురుగా పెట్టి
తల తిప్పి చూడండి,
వేలి వెనక దీపస్తంభం పక్కకి జరుగుతుంది.
కెమెరాకి అలా జరక్కూడదు.
తిరగాల్సింది మెడ మీద కాదు, కంటి మీద.
ఈ ముక్క అర్థం కావడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది.

ఎక్స్‌పోజర్‌కి తాళం. ఫోకస్‌కి తాళం.
తెలుపంటే ఏది తెలుపో ముందే ఒప్పందం.
లేకపోతే ముక్కముక్కకీ మనసు మార్చుకుని
ఒకే ఆకాశాన్ని చీరల కొట్టు చేసేస్తుంది.

ముందు నా అరచేతిని ఫొటో తీస్తాను,
ఇక్కడ మొదలు అని గుర్తు.
ఆనక ఎడమనుంచి కుడికి:
హీషమ్ అణుకేంద్రం పెట్టెలు,
సూర్యుణ్ణి మింగీ మింగని మబ్బు,
ఆటుకి బయటపడ్డ బురద మెరుపు,
అవతలి ఒడ్డున గ్రేంజ్ తెల్లచుక్కలు, వెనక కొండలు,
తిరిగి తిరిగి ఊరివైపు, పాత హోటళ్ళు,
వేయించిన చేపల వాసన. అది రాదని తెలిసీ నొక్కాను.
పదకొండు ముక్కలు. మళ్ళీ అరచెయ్యి.
ఈసారి దాని మీద నాలుగు చినుకులు.

ప్రతి ముక్కలోనూ ముందు ముక్కది మూడోవంతు ఉండాలి.
తక్కువైతే అతుకు పట్టదు.

రాత్రి వంటింటి బల్ల మీద కంప్యూటర్ తెరిచి
అన్నీ పక్కపక్కన పరిచాను.
చీరాలలో మా దర్జీ దానయ్య అనేవాడు:
గళ్ళచొక్కాకి జేబు కుట్టాక
జేబెక్కడుందో తడుముకోవాలి, అప్పుడే కుట్టినట్టు.

కొండలు కుదిరాయి, గీతకు గీత.
మబ్బులు కాస్త మొరాయించి కుదిరాయి.
పాయలో నీళ్ళు మాత్రం
ఏ రెండు ముక్కల్లోనూ ఒక్క మాట మీద లేవు.
మధ్యలో మెత్తగా రుద్ది సర్దేశాను,
అలల లెక్క ఎవరడుగుతారు.

అప్పుడు కనిపించాడు థ్రెల్‌ఫాల్.
తొమ్మిదో ముక్కలో ఒకడు, పదిలో ఒకడు, పదకొండులో ఒకడు.
నా కెమెరా తిరిగిన వేగంతోనే
ఒడ్డు వెంట కుడికి నడిచినట్టున్నాడు,
పసుపు రెయిన్‌కోటు, ముందు కుంటుతూ డాట్.
ముగ్గురు థ్రెల్‌ఫాళ్ళు, రెండున్నర కుక్కలు.
ఎదురుగా సైకిలు మీద వచ్చిన పిల్ల మాత్రం
ఒక్క చక్రం వదిలి వెళ్ళిపోయింది.

థ్రెల్‌ఫాల్ మార్కెట్లో తాళంచెవులు కోస్తాడు.
బూట్లకి అట్టలేస్తాడు.
ఎప్పుడెళ్ళినా అదే మొదలు:
తుఫానుకి పియర్ విరిగిన రాత్రి,
తెల్లారి కొట్టుకొచ్చిన చెక్కలతో
వాళ్ళ నాన్న కోళ్ళగూడు కట్టడం.
ఆ తర్వాతే ఇవాళ్టి సంగతి, డాట్‌కి పన్ను పీకించడం లాంటిది.
నేను గడియారం చూసుకునేదాన్ని.
"చెప్పారు కదండీ" అని కూడా అన్నాను, ఒకసారి.

ప్రింటు పట్టుకెళ్ళి కౌంటరు మీద పరిచాను.
ఇద్దర్ని చెరిపేస్తాను, ఎవర్నుంచమంటారు?
కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టాడు.
మొదటివాడు మరీ వంగిపోయాడట.
మధ్యవాడు పరవాలేదట.
చివరివాడి దగ్గర వేలు ఆగింది.
"వీడి కుక్కకి తలేదీ?"
ఫొటో అక్కడితో అయిపోయిందన్నాను.
కాసేపు ఆ తెల్లటి అంచునే చూశాడు.
డాట్ బల్లకింద, తలతో సహా, నిద్రపోతోంది.

"పియర్ విరిగిన రాత్రి..." అన్నాడు.

సంచీ కింద పెట్టి స్టూలు లాక్కున్నాను.
చెక్కలు, నాన్న, కోళ్ళగూడు,
అక్కడిదాకా నాకు తెలిసిందే,
గీత మీద గీత పడుతోంది.
ఆ గూట్లో ఓ ఎర్రకోడి మాత్రం
చెక్కల్లో ఉప్పు వాసన పోయేదాకా, రెండు నెలలు,
గుడ్డు పెట్టనే లేదట.
ఈ కోడి సంగతి ఎప్పుడూ చెప్పలేదు.