నీటి గీత కింద

మే నెలాఖరున పదకొండు రోజులు వాన.
పన్నెండో రోజు పొద్దున
నా టికెట్ గది ముందు నుంచి రోడ్డు
నడుస్తూ నడుస్తూ
పసుపు గీతతో సహా నీళ్లలోకి దిగిపోయింది,
లోపల్నుంచి ఎవరో పిలిచినట్టు.

మామూలు మట్టం కంటే ఇరవై మూడు అడుగులు.
కాన్సస్‌లో మా వైపు కొండల్లేవు,
ఎత్తు అంటే మాకు రిజర్వాయరు అంకె ఒక్కటే.
ఫోన్ మోగితే హలో అనడం మానేశాను.
"ఇరవై మూడు" అంటాను.
అవతల ఒక నిట్టూర్పు,
ఫోన్ పెట్టేసిన చప్పుడు.

ఎరల కొట్టు ఎల్డా ష్రాగ్
ఫ్రిజ్‌లోంచి వానపాముల డబ్బాలు తీసి
టమాటా పాదుల్లో గుమ్మరించేసింది.
"ఈ ఏడు బేరానికి నీళ్లొదులుకున్నా" అంది.
డ్యామ్ వాళ్లు మాత్రం వదల్లేదు.
దిగువన ఊళ్లున్నాయి,
వాటి నేలమాళిగల్లో అప్పటికే మోకాలి లోతు.
ఎవరి కొంప ముంచాలో
గేటు దగ్గర ఎవరో ఒకరు లెక్క కట్టాలి.
ఈసారి మా వంతు.
మాది కొంప కూడా కాదు,
నలభై రెండు బల్లలు, నలభై రెండు ఇనుప పొయ్యిలు,
ఆడవాళ్ల స్నానాల గది.

చేపలు ఎక్కడికీ పోలేదు. ఇల్లు మారాయి, అంతే.
జూన్‌లో వెర్లిన్ తన రేకు పడవలో
నా క్యాంపు మీదుగానే నన్ను తిప్పాడు.
చేపల జాడ చూపించే బుల్లి తెర మీద
ఒక బల్ల ఆకారం తేలింది.
"పద్నాలుగో నంబరు" అన్నాను.
బల్ల కింద చేపలు,
వడ్డన కోసం కూర్చున్నట్టు వరసగా.
వెర్లిన్ కాటన్‌వుడ్ చెట్టు తలలోకి, ఆకుల్లోకి గాలం విసిరాడు.
చిక్కుకుంది. లాగాడు. తెగింది.
ఎరుపూ తెలుపూ బెండు కొమ్మల్లోనే ఉండిపోయింది.
వాడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

జులై మూడున విచిటా నుంచి దిన్ కుటుంబం దిగింది,
ఫోన్ చేయకుండా, ప్రతి ఏడాదిలాగే.
మేకులు తారులో దిగవు.
గుడారం తాళ్లు ఒకవైపు వ్యాను బంపరుకి,
ఇంకోవైపు 'ఆగుము' బోర్డుకి కట్టారు.
"మా చోటేదీ?" అంది చిన్నపిల్ల.
వేలు చూపించాను. అక్కడ అలలున్నాయి.
"పోయినేడు పొయ్యి కింద గోళీ దాచాను, ఉంటుందా?"
"దాన్నెవరు తీస్తారు?" అన్నాను.
రాత్రి వాళ్లు వండిన చేపల పులుసు వాసన
నా గదిదాకా వచ్చింది.
ఒక గిన్నెడు నాకూ వచ్చింది.

ఆగస్టంతా రోజుకి రెండంగుళాలు.
నీళ్లు దిగడం చూస్తూ కూర్చోవడమంత
విసుగు పని ఇంకోటి లేదు.
జింకలన్నీ ఉత్తరపు గట్టు మీదికి చేరాయి,
ఇరుకు బస్సులో జనంలా.
అక్కడ వేట బంద్ అని నోటీసు నేనే కొట్టాను.
అలా గుంపుగా నిలబెట్టి కొట్టడం వేట కాదని
వెర్లిన్ కూడా ఒప్పుకున్నాడు, కాస్త ఆలస్యంగా.

నవంబరుకి నేల బయటపడింది,
బూడిదరంగులో, పగుళ్లతో, ఆల్చిప్పలతో.
పద్నాలుగో నంబరు పొయ్యి కింద చేయి పెట్టి చూశాను.
బురద.

గట్టు మీది నోటీసు తీసేసిన వారం
వెర్లిన్ విల్లు పట్టుకుని చెట్టెక్కాడు.
కాండం మీద మట్టి గీత తన తలకి పైన.
తెల్లారుతుండగా చూశాడట:
చేయెత్తితే అందేంత దూరంలో
ఎరుపూ తెలుపూ బెండు,
గాలికి మెల్లగా తిరుగుతూ.
తను కూర్చున్న చోట మొన్న చేపలు తిరిగాయి.
అప్పుడే కిందికి జింక వచ్చింది,
పెద్ద కొమ్ములది, ఎండిన అడుగున నడుచుకుంటూ.

"కొట్టావా?" అన్నాను.

వెర్లిన్ కాసేపు నీళ్లు నమిలాడు.
"ఊపిరి బిగబట్టాను" అన్నాడు,
"వదలొచ్చని తట్టలేదు."