బుధవారం, పెరంబూరు

టోకెను పదిహేడు. ఆరు వారాల పిల్ల.
ఫ్యాను గాలికి గోడ మీద చార్టు టపటపలాడుతోంది.
మా ముందు పిల్లాడికి వాళ్ళ నాన్న
బైకు తాళాలు గలగలలాడించాడు.
వాడు తాళాలకేసి చూస్తూనే ఏడ్చాడు.

సూది అయ్యాక పాలిద్దామని నేను కూర్చుంటే
"ముందే పట్టించు, నోట్లో ఉండనీ" అంది కనకవల్లి నర్సు,
సగం అరవం, సగం నాకోసం వెతికి తెచ్చిన తెలుగు.

గుక్క గుక్కకీ దవడ కదులుతోంది.
నా అరచేతి కింద వెచ్చటి తొడ.
తడి దూది. చల్లదనం. అంతే,

ఆగింది.
కళ్ళు ఇంతింత చేసి నన్నే చూసింది,
పొడిచింది నేనే అన్నట్టు.
పెదవి వంకరపోయింది. ఒక్క కేక,
దాని వెంటే గడ్డం మీదికి పాలచుక్క.
తల తిప్పి మళ్ళీ వెతుక్కుంది. దొరికింది.
రెండో తొడకి మూలిగి ఊరుకుంది.

బల్ల చివర అమ్మ
నా జాకెట్టు చెయ్యి కాస్త పైకి జరిపి
కందిబద్దంత టీకా మచ్చని
బొటనవేలితో రాస్తోంది. ముప్పై ఏళ్ళ మచ్చ.

"నిన్ను కదలకుండా అదిమి పట్టుకున్నానే.
అంతే తెలుసు నాకు."

పిల్ల గుటకేసింది.
చెయ్యి వెనక్కి తీసుకోలేదు నేను.