సోమవారం నాకు సెలవు

మే చివరినుంచి సెప్టెంబరు దాకా
న్యూజెర్సీ కొండల్లో ఈ హాప్లర్ సరస్సుకి
నేనే ద్వారం:
ఒక గొడుగు, మడతకుర్చీ, క్లిప్‌బోర్డు.

సభ్యులకు నీలం బ్యాడ్జీ. వాళ్ళ చుట్టాలకు పసుపు,
రోజుకి పన్నెండు డాలర్లు,
సభ్యుడు పక్కన నిలబడి సంతకం పెడితేనే.
నాది బూడిదరంగు. పనిరోజుల్లో మాత్రమే చెల్లుతుంది.

బాతులు స్వేచ్ఛాజీవులు అనుకునేరు.
వాటిని తరమడానికి పొద్దున్నే అయిదింటికి
జీతం మీద ఒక కుక్క వస్తుంది.
దానికి గంటకి నాకన్నా రెండు డాలర్లు ఎక్కువ.

అంతకుముందు ఇరవై ఆరేళ్ళు స్కూలు బస్సు నడిపాను.
మీట లాగితే తలుపు రెక్కలు ఉస్సురని మడుచుకునేవి.
ఎవరి పిల్లవాడివని ఏనాడూ అడగలేదు,
టోపీ ఏదిరా అని మాత్రం అడిగేదాన్ని.
మలుపు మలుపుకీ వాంతి చేసుకునే గారెట్ ష్యూలర్
ఇప్పుడు అసోసియేషన్ కోశాధికారి.
"నియమం నియమమే, మిసెస్ వ్రీలాండ్" అంటాడు,
గొంతు పెంచడు.
వాడిది తప్పని కూడా అనలేను.
కట్ట బీటవారిన ఏడు ఇంటికి నాలుగు వేలు కట్టారు వీళ్ళు.
ఇసుకలో పగిలిన సీసాలు ఏరింది నేనే.
ఒక రాత్రి కంచె దూకి వచ్చిన కుర్రాణ్ణి
తెల్లారి వెతికి తీసినప్పుడు
టార్చి పట్టుకున్నదీ నేనే.

పడమటి ఒడ్డున కౌంటీ వాళ్ళ కాలిబాట ఉంది.
అది అందరిదీ. చెట్టుచెట్టుకీ తెల్లగీత.
ఒకచోట బాటకీ నీటికీ మధ్య పదకొండు అడుగులు.
బోర్డు పాతడానికి టేపు పట్టి కొలిచాను.
నిలబడొచ్చు. ఫోటో తీసుకోవచ్చు.
వంగి ముట్టుకుంటే నేరం.

జూలైలో తారు మెత్తబడిన రోజున
రెండు బస్సులు మారి పసాయిక్ నుంచి వచ్చిందామె,
నోహెలియా అట పేరు, వెంట మనవడు.
వాడు బస్సులోనే పెట్టుకున్నట్టున్నాడు ఈతకళ్ళజోడు,
ముక్కు మీద అచ్చు దిగిపోయింది.
ఫోనులో పటం చూసి వచ్చారు.
పటంలో నీలం నీలంగానే ఉంటుంది,
దాని మీద గేటు గీసి ఉండదు.

"ఈ నీళ్ళు ఎవరివి?" అన్నాడు వాడు.
నీళ్ళు నమిలాను.
నూట పది ఎకరాల నీటి ముందు కూర్చుని
నాకు దక్కినవి అవే.
వాన దేవుడే ఇచ్చాడు బాబూ,
పూజారిని నేను.

ఆమె కోప్పడలేదు. అలవాటున్న మనిషిలా
సంచీ సర్దుకుని, ఫ్లాస్కు విప్పి
ఊదారంగు మొక్కజొన్న పానకం
నా సీసా మూతలో పోసి ఇచ్చింది.
చల్లగా ఉంది. దాల్చినచెక్క వాసన.
వాడు కళ్ళజోడు తీయకుండానే
వెనక్కి తిరిగి చూస్తూ నడిచాడు.

సోమవారం నాకు సెలవు.
ఆ రోజు నేనూ బయటిదాన్నే.
తెల్లగీతలు పట్టుకుని, పదకొండు అడుగుల బోర్డు దాటి,
కట్ట దిగువకి పోతాను.
అక్కడ రోడ్డు కింద గొట్టంలోంచి
సరస్సు బయటికొచ్చి వాగవుతుంది.
నీరు పల్లమెరుగు.
గొట్టానికి ఇటువైపు కౌంటీ నేల. మోకాలి లోతు.
అవే నీళ్ళు, సభ్యులు ఒంటికి రాసుకున్న ఎండ క్రీము
సన్నటి జిడ్డుపొరగా తేలుతూ.
చెప్పులు విడిచి కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాను.
రాళ్ళ కింద ఎండ్రకాయలు కూడా ఉన్నాయి.
ఎవరూ ఏమీ అడగరు.

ఈ చోటు వాళ్ళకి చెప్పి ఉండాల్సింది.
గేటు నుంచి అర మైలు లేదు.
ఆ క్షణాన గుర్తు రాలేదని
చాలా సోమవారాలు అనుకున్నాను.
వచ్చే ఉంటుంది.
వాళ్ళ తిరుగు బస్సు నాలుగింటికి.
అప్పుడు టైము పన్నెండున్నర.