ఏడో రేకు

ఆమదాలవలస బస్సు బుడితిలో దించేసరికి పదకొండు.
సంచిలో కాలేజీ లాప్‌టాప్.
దాని బ్యాటరీ ముసలి గేదె,
గంటకి మించి నిలబడలేదు.

అందులో నేను రాసుకొచ్చింది ఒకే ఒక్క నియమం:
ఎడమన ఒక అక్షరం, మధ్యన బాణం,
కుడిన ఆ అక్షరం ఏమైపోవాలో అది.
మాస్టారు మొదటిరోజే సుద్దముక్క విరిగేలా కొట్టి చెప్పారు,
బాణాన్ని సమానమని చదవొద్దని.
సమానమైతే తక్కెడ, రెండువైపులా ఉంటారు.
బాణమైతే ఇటున్నది లేచిపోతుంది,
లేచిన పీట మీద అటున్నది కూర్చుంటుంది.
ఎన్నిసార్లో చెప్పకపోతే
కూర్చున్నదాన్ని కూడా లేపుతుంది.
ఒకసారి చెప్పడం మరిచి
ల్యాబు ల్యాబంతా ఆపేశాను.

ఈ భాషలో కూడిక గుర్తు ఏమీ కూడదు, ఎడమకి తిరుగుతుంది.
తీసివేత కుడికి తిరుగుతుంది.
మా సరుబుజ్జిలి లెక్కల టీచరు చూస్తే
చెవి మెలిపెట్టేది.
నాకు ఇష్టం చదరపు బ్రాకెట్టు:
తెరవగానే ఉన్నచోటుని ముడేసుకుంటుంది.
ఎంత దూరమైనా పో, ఎన్ని కొమ్మలైనా చీలు,
మూసిన క్షణాన
దారిలో గీత పడకుండా
అదే చోట, అదే ముఖంతో నిలబడి ఉంటావు.
మా ఊరి ఆటోలకి ఆ సదుపాయం లేదు.

కంచరి గున్నయ్య తాత
బోర్లించిన బిందెని ఒళ్ళో పెట్టుకుని
చింతపండు చేత్తోనే తెర వైపు వంగాడు.
ఏడు రేకుల పువ్వు చూపించాను.
ఒక బ్రాకెట్టులో ఒక రేకు, ఒక మలుపు, ఏడుసార్లు.
పువ్వంతా వదిలేసి ఆయన చూపు
ఏడో రేకుకీ మొదటి రేకుకీ నడుమ
గడ్డిపోచంత ఖాళీలోకి పోయింది.

"ఒలే తౌడమ్మ మనవరాలా, ఇక్కడ సందుందే.
నీళ్ళు కారిపోతాయి."

వాదించాను.
మూడువందల అరవై ఏడుకి తెగదు తాతా,
యాభై ఒకటి పోగా మూడు మిగులుతాయి,
కోణంలో చుక్క పెట్టనివ్వదు ఈ భాష,
నేనేం చెయ్యను.

ఆయన కంపాసు తీసి బిందె కడుపు మీద నడిపించాడు.
ఒకటి, రెండు, మూడు…
ఏడో అడుగు గమ్యానికి చీమ దూరంలో ఆగింది.
"సూసేవా? నాకూ మిగిలింది.
మిగిలిందాన్ని ఆఖరోడి నెత్తిన ఎయ్యకు.
తలో ఇంత రాసీ."

తలో ఇంత.
బ్యాటరీ తొమ్మిది శాతం.
ఒకే అక్షరం చాలదని అప్పుడు తెలిసింది.
చి అని ఒకటి, పె అని ఒకటి:
చిన్న మలుపు యాభై ఒకటి, పెద్దది యాభై రెండు.
పువ్వు, బాణం, చి పె చి పె చి పె చి.
నాలుగు చిన్నవి, మూడు పెద్దవి.
వేళ్ళు మడిచి కూడాను,
నమ్మక మళ్ళీ కూడాను.
మూడువందల అరవై.

నడిపిస్తే పువ్వు మూసుకుంది.
ఏ సందు పెద్దదో
గీసిన నాకే తెలియలేదు.
తాత గోటితో తెర మీద మూడుచోట్ల టకటకా కొట్టాడు:
ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ.
చింతపండు మరకలు మూడు.
"నాకు కనబడతాది. కొనేవోడికి కనబడదు.
అదే పనితనం, ఇంకేటనుకున్నావు?"

తెర ఆరిపోయింది.
నల్ల అద్దంలో నా ముఖం, దాని మీద మూడు మరకలు.

కోడలు టీ తెచ్చింది.
నేను బిందెని ఒళ్ళోకి లాక్కుని
బొటనవేలితో ఒక్కో రేకూ తడుముతున్నాను,
ఆయన తన చీమ దూరాన్ని
ఎవరెవరికి పంచాడో అని.
"ఎతుకు, ఎతుకు" అన్నాడు
ఇంకో బిందె తీసుకుంటూ.

నాలుగింటి బస్సు పోయింది.
నాకు ఒకటే దొరికింది,
అదీ అనుమానమే.