పదో పేరు

ఇబ్రీలో మా డిపార్ట్‌మెంటంటే
ఒక గది, రెండు కుర్చీలు,
రాళ్ళు దాచిన పద్నాలుగు చెక్క సొరుగులు.
కిటికీ పక్క కుర్చీ రహ్మా అల్ కల్బానియాది, రెండోది నాది.
శిలాజాలు ఆమెవి, శిలలు నావి.
ఒకరికి జలుబు చేస్తే రెండూ రెండోవాళ్ళవి.

పదిమంది లేని కోర్సు రద్దు అని
ఏటా ఆగస్టులో ఒక ఉత్తరం వస్తుంది.
నాకున్నది ముగ్గురు.
సూర్‌లో ఇద్దరు, సలాలాలో నలుగురు,
అక్కడ చెప్పే దిక్కు లేదు.
తలా గిద్దెడు బియ్యం తెస్తే
ఒకే పొయ్యి మీద ఉడుకుతుంది కదా, అన్నాను మీటింగులో.
నా బియ్యం అరబ్బీలోకి వెళ్ళి ఏమయ్యాయో,
అందరూ నవ్వారు. సంతకాలు పెట్టారు.
మూడూ రెండూ నాలుగూ తొమ్మిది.
గడువు రోజు సాయంత్రం
బురైమీ నుంచి ఒక పేరు చేరింది, షమ్‌సా.

ఆదివారం ఎనిమిదింటికి తెర వెలుగుతుంది.
సూర్ పిల్లల మాట పెదాల వెనకాల వస్తుంది,
మెరుపు వెనక ఉరుములా.
సలాలా మైకు తెరవగానే వాన.
"ఖరీఫ్ ఇంకా పోలేదు టీచర్,"
తప్పు తనదైనట్టు అంటాడు ముసల్లం.
మా మార్కాపురంలో ఖరీఫంటే కందులూ సజ్జలూ,
వాళ్ళకు ఖరీఫంటే కొండ మీద కూర్చున్న మబ్బు.
ఇక్కడ నలభై మూడు డిగ్రీలు.
నా ముగ్గురూ పెన్నులు కింద పెట్టేశారు.
మ్యూట్ చెయ్యమనాలి నేను.
అనలేదు.
ఆ రెండు నిమిషాల వాన
హాజరుపట్టీలో ఏ గడిలో రాయాలి?

తెర మీద రాయి రాయి కాదు.
బరువుండదు, గోటికి గీత పడదు,
నాలుక ఆనించలేం.
(మేం ఆనిస్తాం. నవ్వకండి,
బంకమట్టి రాయి నాలుకను పట్టుకుంటుంది.)
అందుకే ఖర్జూరాల డబ్బాలో పన్నెండు రాళ్ళు,
దూదిలో చుట్టి, రాత్రి బస్సులో ఊరూరా.
డ్రైవరు దాద్‌కరీం డబ్బా ఎత్తి చూసి
దారంతా రాళ్ళే కదమ్మా,
వీటికి మళ్ళీ టికెట్టా, అంటాడు.

మా మేనత్త మస్తాన్‌బీ
పలకలకు చెక్క చట్రాలు బిగించేది, డజనుకింత అని.
పొరలు పొరలుగా రాయి విచ్చుకునే చప్పుడు పక్కన
నేను అలిఫ్ కన్నా ముందు అ దిద్దుకున్నాను.
ఇప్పటి నా పలక వెలుగుతుంది,
తుడవడానికి ఉమ్ము అక్కర్లేదు.
చట్రంలో మాత్రం తొమ్మిది మొహాలు,
ఒక నల్ల చదరం.

షమ్‌సా కెమెరా తెరవదు.
పిలిస్తే "ఉన్నాను" అని అక్షరాలు పడతాయి, అంతే.
ఉందో లేదో, లెక్కకి పనికొచ్చిందిలే, అంది రహ్మా.
నేనూ అదే అనుకున్నాను,
ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

నవంబరులో డబ్బా బురైమీ నుంచి తిరిగొచ్చింది.
విప్పి లెక్కపెడితే పదమూడు.
పదమూడోది పిడికెడంత, ముదురు ఆకుపచ్చ,
ఒక వైపు గాజు పెంకు కట్టినట్టు నలుపు.
దానికి చుట్టిన కాగితం మీద:
"ఇది మా మేకల దొడ్డి గోడలోది. మీ జాబితాలో లేదు.
మా దగ్గర గోడ ఎక్కితేనే సిగ్నలు.
అదీ సన్నగా వస్తుంది, బొమ్మకు చాలదు.
మీ పాఠాలన్నీ దీని మీద కూర్చునే విన్నాను.
దీని పేరేమిటి?"

ఆదివారం ఆ రాయిని తెర ముందు పట్టుకున్నాను.
సూర్ ఒకటంది, సలాలా కాదంది,
నా ముగ్గురిలో అజ్జా పుస్తకం తిరగేసింది.
అది సముద్రం అడుగున నిప్పు చల్లారి దిండులా ఉబ్బిన రాయి.
నాకు పేరు తెలుసు. నోటి దాకా వచ్చింది.
మింగి, "ఎవరి గోడో వాళ్ళు చెప్పాలి" అన్నాను.

నాలుగు ఊళ్ళు ఊరుకున్నాయి.
రహ్మా కుర్చీ ఇటు జరుపుకుంది.
నల్ల చదరం మూలన
మైకు గుర్తు మొదటిసారి పచ్చబడింది.
ముందు గాలి వచ్చింది.
తర్వాత ఒక మేక.